మన్రో దొరకి దండం పెట్టేముందు

మా సీమ వాళ్ళతో ఒక చిక్కుంది. 2019లో 'సైరా' సినిమా వచ్చినప్పుడు ఈలలేసి గొంతులు పోగొట్టుకున్నవాళ్ళే, ఇంటికొచ్చి "మన్రో దొర ఉన్న్యాడే, ఆయన దేవుడప్పా" అంటారు. ఈ రెండూ ఒకే నోట్లో ఎలా ఇముడుతున్నాయో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో ఎందుకు తిరగబడ్డాడు? పాళెగాళ్ళ కుటుంబాలకి కుంఫిణీ విదిల్చే పింఛను దగ్గర మొదలైన గొడవ అది. అంతకు ముందు కోటలూ, బంట్లూ, ఊళ్ళూ ఉన్నవాళ్ళని నెలనెలా కచేరీ ముందు చెయ్యి చాచి నిలబడే పింఛనుదార్లుగా మార్చిందెవరు? సాక్షాత్తూ ఈ మన్రో దొరే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరి తీసేనాటికి మన్రో పోయి ఇరవయ్యేళ్ళయింది. కానీ ఆ ఉరితాడు పేనడం మొదలైంది 1800లో.

మీకు కోపం వస్తే రానివ్వండి. మన్రోని తిట్టడానికే ఇది రాస్తున్నాననుకుంటే మాత్రం పొరపాటు. తిట్టేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ సంగతీ చివర్లో చెప్తాను. నా గొడవల్లా ఆయన మనకి "భూమి ఇచ్చాడు" అనే మాటతోనే.

ముందు దేవుడి కథలు చూద్దాం. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర మన్రోకి స్వామి కనిపించి మాట్లాడాడని చెప్తారు. ఇది బళ్ళారి జిల్లా గెజిటీరులో కూడా ఎక్కింది. కడప జిల్లా గండిలో కొండల మధ్య బంగారు తోరణం కనిపించిందనీ, అది కనిపించినవాడు ఎక్కువకాలం బతకడనీ, అట్లాగే 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడనీ ఇంకో కథ. తిరుమలలో మన్రో గంగాళం కథ సరేసరి. పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారనీ అంటారు. ఒక తెల్లవాడికి, అందులోనూ పన్నులు వసూలు చేసేవాడికి, ఇంత భక్తి దక్కడం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

కానీ మంత్రాలయం కథని ఒక్కసారి భక్తి పక్కన పెట్టి వినండి. మన్రో అక్కడికెందుకెళ్ళాడు? మఠం ఇనాము భూమిని సర్కారు వెనక్కి తీసుకునే విషయం తేల్చడానికి. అంటే ఆ కథలో స్వామివారు బృందావనం లోంచి లేచి వచ్చింది రెవెన్యూ విచారణకి! దేవుడంతటివాడు కూడా తన మాన్యం నిలబెట్టుకోవడానికి కలెక్టరు ముందు హాజరై సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. కథ చెప్పేవాళ్ళు దీన్ని మన్రో పుణ్యంగా చెప్తారు. నాకైతే ఆనాటి జనానికి కలెక్టరంటే ఉన్న భయం ఎంతటిదో ఇందులో కనిపిస్తుంది.

ఇహ మనిషి సంగతి. థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికా వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా వాళ్ళు ఇంగ్లండు మీద తిరగబడేసరికి ఆ వ్యాపారం దివాలా తీసింది. కొడుకు బతుకుతెరువు కోసం కుంఫిణీ సైన్యంలో కేడెట్‌గా చేరి 1780లో మద్రాసులో దిగాడు. దిగీ దిగగానే హైదరలీతో యుద్ధం. తర్వాత టిప్పుతో యుద్ధం. 1792 నుంచీ బారామహల్లో కెప్టెన్ రీడ్ కింద పన్నుల పని నేర్చుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కెనరాకి కలెక్టరు. అక్కణ్ణించి 1800లో మన దగ్గరికి.

ఆ కాలంలో స్కాట్లాండు నుంచి బయల్దేరిన సిపాయిలు ఎక్కడెక్కడో భూస్వాములయ్యారు. శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్న ఇంకో స్కాట్లాండువాడు లాక్లన్ మక్వారీ తర్వాత ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్సుకి గవర్నరై అక్కడి నేలని తనవాళ్ళకి ఎకరాల లెక్కన పంచిపెట్టాడు, సొంతానికి స్కాట్లాండులో మల్ ద్వీపంలో ఎస్టేటు కొనుక్కున్నాడు. అమెరికా, కెనడాల్లో ఇలాంటివాళ్ళు కోకొల్లలు. మన దగ్గర అది కుదరదు. 1833 దాకా ఇక్కడ యూరోపియన్లు భూమి కొనుక్కుని స్థిరపడటాన్ని కుంఫిణీయే అడ్డుకుంటూ వచ్చింది. కాబట్టి మన్రో మన జిల్లాలో ఎకరం కూడా సొంతం చేసుకోలేదు. గుడారాల్లో తిరిగాడు. లంచం తీసుకోలేదు. తెలుగు, కన్నడం నేర్చుకున్నాడు. ఇవన్నీ నిజమే, ఒప్పుకుంటాను.

కానీ సెటిలర్ కానివాడు సెటిల్మెంటు చేశాడు. ఆ సెటిల్మెంటుతో ఏడేళ్ళలో ఇక్కడి నేలంతటికీ భూస్వామి తయారయ్యాడు. ఆ భూస్వామి పేరు ఈస్టిండియా కుంఫిణీ.

అసలు మనం వాళ్ళ చేతికెలా చిక్కామో తెలుసా? నిజాం తన దగ్గర ఉంచుకున్న కుంఫిణీ పటాలానికి జీతాలివ్వాలి. 1792లో, 1799లో టిప్పు రాజ్యం లోంచి తన వాటాకి వచ్చిన సీమనంతా 1800 అక్టోబరులో ఆ ఖర్చు కింద రాసిచ్చేశాడు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, కదిరి, గుత్తి, కడప, బళ్ళారి అన్నీ. విజయనగరం తళ్ళికోట తర్వాత తలదాచుకున్న రాజధాని పెనుకొండ, పటాలం బాడుగ కింద జమ అయిపోయింది. దత్తమండలం అని ముద్దుపేరు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరు పెట్టేదాకా మనల్ని అందరూ అలాగే పిలిచారు.

మన్రో అనంతపురంలో మకాం పెట్టాడు. ఎదురుగా ఎనభై మంది పాళెగాళ్ళు. వీళ్ళేదో సత్తెకాలపు రాజులని నేననడం లేదు. ఊళ్ళు దోచినవాళ్ళు, రైతుల్ని పీడించినవాళ్ళు అందులో బోలెడంతమంది. కానీ మన్రో వాళ్ళని వదిలించుకున్న తీరు చూడండి. కట్టలేనంత పేష్కషు కట్టమన్నాడు. కట్టకపోతే బాకీదారు, తిరగబడితే రాజద్రోహి, ఎటు తిరిగినా కోట పోతుంది. కొందరు పరారీ, కొందరు గుత్తి కోటలో ఖైదు, మా అనంతపురం హండె వారిలాంటివాళ్ళకి పింఛను. 1801లో ఆదోని వైపు తెర్నేకల్లులో జనం ఎదురు తిరిగితే ఫిరంగులతో వెళ్ళారు. లండనులో కూర్చున్న కుంఫిణీ డైరెక్టర్లకే ఇది మరీ ఎక్కువనిపించి మన్రోని తప్పుపట్టారు. వాళ్ళకే అలా అనిపించిందంటే ఇక మనం వేరే సాక్ష్యం వెతకక్కర్లేదు.

సరే, పాళెగాళ్ళు పోయారు. రైతు మిగిలాడు. అసలు కథ ఇక్కడే.

మా మామ ఒకాయన ఉన్నాడు, ధర్మవరం పక్క పల్లె. శెనక్కాయ పెట్టి పెట్టి నడుం విరిగిన మనిషి. ఎప్పుడు కలిసినా ఇదే మాట: "ఏమప్పా అల్లుడూ, మన్రో దొర ల్యాకుంటే మన పేరు మింద ఎకరా అయినా ఉండునా? కోస్తావోళ్ళ మాదిరి జమీందార్ల కింద సచ్చేవాళ్ళం." ఈ వాదనలో బలం లేకపోలేదు. 1802లో సర్కారు జిల్లాల్లో శాశ్వత జమీందారీ పెట్టారు, మన దగ్గర రైత్వారీ పెట్టారు. రైతుకీ సర్కారుకీ మధ్య ఎవడూ లేడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే మధ్యలో ఉన్న లేయరు పీకేసి యూజర్ని నేరుగా డేటాబేసుకి కలిపాడు. బాగానే ఉంది. అయితే ఆ డేటాబేసు దేనికోసం కట్టారో అడగాలి కదా?

1802 నుంచి మన్రో మనుషులు ముప్పై మూడడుగుల గొలుసు పట్టుకుని పొలం పొలం కొలిచారు. ఒక గొలుసు చదరం గుంట, నలభై గుంటలు ఎకరం. మనం ఇప్పటికీ సెంట్లతో పాటు గుంటలు అంటూనే ఉంటాం. మెట్ట, తరి, తోట అని తరగతులు కట్టారు. ఈ కాలపు యంత్రాలేవీ లేకుండా ఇంత పెద్ద సీమని అయిదేళ్ళలో కొలవడం మామూలు పని కాదు. ప్రాజెక్టు మేనేజరుగా మన్రోకి నేను నూటికి నూరు మార్కులేస్తాను. (మా ఆఫీసులో నెల పనికి ఏడాది పడుతుంది.)

కొలిచాక శిస్తు ఎంత కట్టాడు? పండినదాంట్లో నూటికి 45 పాళ్ళు. ఖర్చులు పోను మిగిలిన దాంట్లో కాదండోయ్, మొత్తం పంటలో. నూరు బస్తాలు పండితే నలభై అయిదు బస్తాల విలువ సర్కారుకి. మిగిలిన యాభై అయిదులో విత్తనం, ఎద్దులు, కూలి, ఇంటిల్లిపాది తిండి, వచ్చే ఏడు వాన రాకపోతే దాచుకోవాల్సింది అన్నీ. మన జిల్లాలో వాన రాకపోవడం అనేది "ఒకవేళ" కాదని మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు దండం పెట్టేవాళ్ళు ఎప్పుడూ చెప్పని సంగతి. 1807లో దేశం వెళ్ళబోతూ, ఆగస్టు 15న (తేదీ చూసి నవ్వకండి) మన్రో మద్రాసుకి ఒక నివేదిక పంపాడు. అందులో సారాంశం ఇది: ఈ శిస్తు ఎక్కువ. నూటికి పాతిక తగ్గించాలి. బావి కిందా చెరువు కిందా పండే నేలలకి ఇంకో ఎనిమిది కలిపి ముప్పై మూడు తగ్గించాలి. అప్పుడు సర్కారు వాటా పంటలో మూడో వంతుకి దిగుతుంది. అప్పుడే భూమికి ఒక ధర అంటూ ఏర్పడుతుంది, అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ పనికొచ్చే ఆస్తి అవుతుంది.

మళ్ళీ చదవండి. అప్పుడే ఆస్తి అవుతుంది అన్నాడంటే, అప్పటికి ఆస్తి కాదన్నమాట! ఏ పొలాన్ని సాగు చేస్తే శిస్తు పోను ఏమీ మిగలదో ఆ పొలాన్ని ఎవడు కొంటాడు? ఎవరూ కొననిదాన్ని ఆస్తి అని ఎలా అంటాం? "మన్రో భూమి ఇచ్చాడు" అనే మాటని మన్రోనే ఒప్పుకోవడం లేదు. ఆయన ఇచ్చింది పట్టా. పట్టా అంటే ఆ రోజుల్లో హక్కు పత్రం కన్నా ముందు బాకీ పత్రం. ఈ ఏడాది ఈ నేలకి ఇంత కట్టాల్సినవాడు ఫలానావాడు అని రాసిన కాయితం.

మద్రాసు వాళ్ళు ఆ సిఫారసు ఏం చేశారు? బుట్టలో వేశారు. యుద్ధాలకి డబ్బు కావాలి, తగ్గించడం కుదరదన్నారు. రైత్వారీనే ఎత్తేసి 1808 నుంచి ఊళ్ళని మొదట మూడేళ్ళకీ, తర్వాత పదేళ్ళకీ గుత్తకిచ్చారు. గుత్తదార్లు దివాలా తీశారు, రైతులు చితికిపోయారు. చివరికి 1820లో మన్రో గవర్నరుగా తిరిగొచ్చాకే ఆ పాతిక, ముప్పై మూడు తగ్గింపు అమల్లోకొచ్చింది. ఎక్కువని వసూలు చేసినవాడికే తెలిసిన శిస్తు, తెలిశాక కూడా పదమూడేళ్ళు.

ఆ మొదటి ఏడేళ్ళలో దత్తమండలం ఆదాయం ఏడాదికి దాదాపు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లు దాటింది. యుద్ధాలు ఆగి బీళ్ళు సాగులోకి వచ్చాయి కాబట్టి కొంత పెరుగుదల సహజమే, కాదనను. కానీ ఒకటిన్నర రెట్లు! ఆ లెక్క చూసే కుంఫిణీ వాళ్ళకి మన్రో ముద్దొచ్చాడు. 1825లో బారనెట్ బిరుదు వచ్చింది, స్కాట్లాండులోని లిండర్టిస్ పేరు మీద. పొగాకు వ్యాపారంలో మునిగిన ఇల్లు చివరికి ఒక ఎస్టేటు పేరుతో తేలింది. మద్రాసులో చాంట్రీ చెక్కిన గుర్రం విగ్రహం ఇప్పటికీ ఉంది, జీనూ లేదు, రికాబూ లేదు. మన మీద స్వారీకి అవి అక్కర్లేదు కాబోలు!

"సరే, తర్వాతైనా తగ్గించాడుగా" అంటారు. తగ్గించాడు. కానీ శిస్తు డబ్బుల్లో కట్టాలి, ధాన్యంలో కాదు. 1820ల నుంచి 1850ల దాకా మద్రాసు రాజధానిలో ధాన్యం ధరలు పడిపోతూ వచ్చాయి. రూపాయల్లో శిస్తు మారదు, ఆ రూపాయి కోసం అమ్మాల్సిన బస్తాలు పెరుగుతూ పోతాయి. కాయితం మీద తగ్గించినది కళ్ళంలో మళ్ళీ పెరిగిపోయింది. మధ్యలో ఎవడూ లేడన్నారే, ఆ మధ్యలోకి తాసిల్దారూ, అమీనూ, కరణం, రెడ్డి వచ్చి కూర్చున్నారు. లెక్క రాసేవాడే యజమాని. కరణాలూ మునసబులూ ఎంత బలిసిపోయారో 1984లో ఎన్టీరామారావు ఆ ఉద్యోగాలు పీకేసినప్పుడు జరిగిన గోలలో మన పెద్దవాళ్ళు చూశారు.

1855లో ఒక కమిషన్ నివేదిక వచ్చింది. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకి రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారా అని విచారించిన కమిషన్. పెడుతున్నారనే తేల్చింది. కిట్టి అని ఒకటుంది, రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నొక్కేది. మనిషిని వంచి, మెడకీ కాళ్ళకీ తాడు కట్టి ఎండలో నిలబెట్టేది ఇంకోటి. రైత్వారీ రైతు స్వతంత్రుడనీ, యజమాననీ పుస్తకాల్లో రాసుకున్న కాలమే ఇది! యజమానిని ఎండలో వంచి నిలబెట్టి బాకీ రాబట్టే ఏర్పాటుకి ఇంకేదైనా పేరు పెట్టుకుందాం.

తర్వాత 1876లో ధాత కరువు. అప్పటికి మన తాలూకాలు చాలావరకు బళ్ళారి జిల్లాలోనే (అనంతపురం వేరయింది 1882లో). 1871 జనాభా లెక్కల్లో 16 లక్షల 68 వేలున్న ఆ జిల్లా 1881కి 13 లక్షల 36 వేలకి దిగింది. అయిదుగురిలో ఒకడు లేడు. కరువుకి మన్రో కారణమని నేననను, ఆయన పోయి అప్పటికి యాభై ఏళ్ళు. వాన రాకపోవడం ఎవరి చేతిలోనూ లేదు. కానీ మూడు తరాల పాటు రైతు ఇంట్లో గింజ నిలవ లేకుండా ఊడ్చుకుపోయిన ఏర్పాటుకి ఆ చావుల్లో వాటా లేదంటే నేనొప్పుకోను.

ధర్మవరం వాణ్ణి కాబట్టి మగ్గం గురించి చెప్పకుండా వదిలితే మా వీధిలో తిరగనివ్వరు. ముతర్ఫా అని ఒక పన్నుండేది, చేతివృత్తుల మీద, మగ్గాల మీద. ఇది 1860ల మొదట్లో గానీ పోలేదు. అంటే సీమ నేతగాడు మగ్గానికి పన్ను కడుతూ, ఇంగ్లండు మిల్లుగుడ్డతో పోటీ పడాలి. ఇది నా ఆవేశం కాదు. 1822లో మన్రోనే రాజధాని అంతటా బడుల లెక్క తీయమన్నాడు. మంచి పని. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు కాంబెల్ జవాబు పంపాడు: తొమ్మిది లక్షల పైచిలుకు జనానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడులు ఇలా ఎందుకు పడిపోయాయో కూడా రాశాడు. దేశం పేదదైపోయింది, యూరపు సరుకు వచ్చి ఇక్కడ చేతిపనివాళ్ళ రాబడి పడిపోయింది, పిల్లల్ని చదివించే స్తోమత తల్లిదండ్రులకి లేదు అని. ఒక తెల్ల కలెక్టరు తన పై గవర్నరుకి రాసిన మాట ఇది. ఆ గవర్నరు మన్రో. ఆ జిల్లా మనది. మన పిల్లలకి అక్షరం ఎందుకు పోయిందో ఆయన బల్ల మీదికే వచ్చింది.

ఇహ తిట్టేవాళ్ళ సంగతి చెప్తానన్నాను. మన్రో దొంగ, దోపిడీదారు అని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్ళు. వీళ్ళు 1824 డిసెంబరు 31న ఆయన రాసిన మినిట్ చదివుండరు. ఈ దేశం వాళ్ళకి పెద్ద ఉద్యోగాలివ్వకుండా వాళ్ళ శీలం గురించి మాట్లాడటం తప్పని, ఎప్పటికైనా తమని తాము పాలించుకునేలా తయారు చెయ్యాలని ఆ రోజుల్లో కుంఫిణీ గవర్నరు రాయడం చిన్న సంగతి కాదు. దొంగ అనేస్తే మన పని సులువైపోతుంది. మంచివాడు, తెలివైనవాడు, మన భాష వచ్చినవాడు, చెయ్యి తడపనివాడు, తప్పని తెలిసినవాడు కూడా ఆ కుర్చీలో కూర్చుని నూటికి నలభై అయిదు వసూలు చేశాడు అన్నదే నాకు భయం పుట్టించేది. చెడ్డ ఉద్యోగి అయితే ఆ ఏర్పాటు అప్పుడే కూలిపోయేది. మన్రో లాంటివాడు నడిపాడు కాబట్టే నిలబడింది.

ఇదంతా పాత పురాణం, ఇప్పుడెందుకు అంటారా? 2023 చివర్లో మన రాష్ట్రంలో భూమి హక్కుల చట్టం ఒకటి అమల్లోకొచ్చింది, 2024లో రద్దయింది. ఆ మధ్యలో ఊళ్ళల్లో జనం పడ్డ కంగారు గుర్తుందా? అడంగల్లో పేరుంటుందా పోతుందా, 1బిలో ఎవరున్నారు, పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ అని. చట్టం మంచి చెడ్డలు నాకొదిలెయ్యండి. తాతముత్తాతల నుంచీ దున్నుతున్న నేల ఒక రిజిస్టరులో గీత కొట్టేస్తే పోతుందని రైతు నమ్మాడు చూశారా, ఆ నమ్మకం ఆకాశం లోంచి ఊడిపడలేదు. ఇప్పటి సర్వే నంబర్లు మన్రోవి కావు, 1858లో పుట్టిన సర్వే శాఖ వాళ్ళు తర్వాత వేసినవి. జమాబందీ, ఫసలీ లాంటి మాటలు ఆయన కంటే పాతవి. కానీ నేల సర్కారుది, నువ్వు కట్టేవాడివి అనే లెక్క మన జిల్లాలో పొలం పొలానికీ రాసి పెట్టింది మాత్రం ఆయన గుమాస్తాలే. మా మామకి ఇది చెప్తే, "నిజమేలేప్పా, కానీ దొర మంచోడు" అన్నాడు. మంచోడే మామా, ఎవరు కాదన్నారు?

గుత్తి కోట కింద మన్రోని మొదట పూడ్చిన చోటుంది. 1831లో ఎముకలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు గానీ ఇక్కడ గుర్తు ఇంకా ఉంది. అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళే మాస్టర్లకి నాదొక కోరిక. బంగారు తోరణం కథ చెప్పండి, పిల్లలకి బావుంటుంది. దాంతోపాటు 1807 ఆగస్టు 15 నివేదికలో ఆయన అడిగిన పాతిక, ముప్పై మూడు, అవి రావడానికి పట్టిన పదమూడేళ్ళు కూడా నల్లబల్ల మీద రాయండి. నూరు బస్తాల లెక్క పిల్లల చేతే చేయించండి.